నోటి పుండూ, చుట్టా, వైరసూ

ఈ మధ్య మనవారిలో ఒక మాట తరచు వినిపిస్తున్నది. "నోటి కేన్సరు వైరస్ వల్ల వస్తుందట గదా! ఇక చుట్టనూ, వక్కపొడినీ ఆడిపోసుకోవడమెందుకు?" అని. నేను వైద్యుణ్ణి కాను. ఆఫీసులో కాగితాలు చూసుకునే గుమాస్తాను. చదివి తెలుసుకున్నంతలో ఆ మాట సగమే నిజమని, మిగతా సగం ప్రాణం మీదికి తెచ్చేదని తోచి, ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

ముందు నిజమైన సగం. హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో రెండువందలకు పైగా రకాలున్నవి. కొన్ని చేతిమీద పులిపిరికాయలు పుట్టించి ఊరుకుంటాయి. కొన్ని ప్రమాదకరమైనవి; వాటిలో ముఖ్యమైనది 16వ రకం. గర్భాశయ ముఖద్వారపు కేన్సరుకు ఈ వైరసే మూలమని కనిపెట్టినందుకు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మన శరీరంలోని కణాలు హద్దుమీరి పెరగకుండా కళ్లెం వేసే మాంసకృత్తులు కొన్ని వుంటాయి. ఈ వైరస్ ఆ కళ్లేలను తెంపివేస్తుంది. దాంపత్య సంబంధమైన స్పర్శవల్ల ఇది సోకుతుంది. సోకినవారందరికీ జబ్బు రాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దానిని తరిమివేస్తుంది.

ఇక రెండవ సగం. ఈ వైరస్ ముఖ్యంగా పట్టేది గొంతు వెనుకభాగాన్ని, అంటే టాన్సిల్సునూ, నాలుక మొదలునూ. అమెరికాలో ఆ చోట వచ్చే కేన్సర్లలో ఎక్కువ భాగం దీనివల్లనే. మన దేశంలో విస్తారంగా కనిపించేది వేరు. అది బుగ్గ లోపలా, చిగుళ్లమీదా, నాలుక అంచునా వచ్చే పుండు. దానికి పొగాకు, వక్క, సారా ముఖ్య కారణాలు. నోటిలోని తెల్లమచ్చలు కొన్నిటిలో వైరస్ కనిపించినా, కనిపించినంతమాత్రాన దోషి అదేనని నిర్ణయించడానికి లేదు. పొగాకు కలవని ఒట్టి వక్క కూడా కేన్సరు కారకమేనని అంతర్జాతీయ కేన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది.

మన తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన బాధ్యత వున్నది. శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్టను నిప్పువున్న కొన నోటిలో పెట్టుకుని కాల్చే అలవాటు వున్నది. దీనినే అడ్డపొగ అంటారు. మగవారికంటె ఆడవారిలో ఇది ఎక్కువ. డెన్మార్కు నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా మొదలైన పరిశోధకులు ఆంధ్ర గ్రామాలలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, ఫలితాలను 1971లో ప్రచురించారు. నూటికి సుమారు 44 మందికి అడ్డపొగ అలవాటున్నది! ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారడం, ఎర్రబడడం, పుండ్లు పడడం వారు చూశారు. సంతోషించదగిన విషయమేమంటే, తరువాత ఆ జిల్లాలోనే అలవాటు మానిపించి చూడగా, మానినవారిలో కొత్త మచ్చలు తగ్గినవి.

కనుక ప్రతి ఇంటా చేయవలసిన పని ఒకటున్నది. పగటి వెలుతురులో, అద్దం ముందు నోరు బాగా తెరిచి బుగ్గలు, చిగుళ్లు, అంగిలి, నాలుక అడుగు చూసుకోవాలి. తుడిచినా పోని తెల్లమచ్చ, మఖమల్ వంటి ఎర్రమచ్చ, మూడు వారాలకు మానని పుండు, మునుపటివలె నోరు తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ, మింగుడుపడకపోవడం: వీటిలో ఏది వున్నా వైద్యునికి చూపించాలి. తిరువనంతపురం ప్రాంతంలో ఇలా ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించినందువల్ల పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సరు మరణాలు మూడవ వంతు తగ్గినట్లు 2005లో తేలింది.

ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏండ్లలోపు ఈ వైరస్‌కు టీకా వేయించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన దేశంలో తయారైన టీకా కూడా 2023లో వచ్చింది. చుట్టకు మాత్రం టీకా లేదు, మానడమే మందు.

అడ్డపొగ తాగే మామ్మలు అల్లుడి ఎదుట, కోడలి ఎదుట సిగ్గుపడి నోరు చూపించరు. వారిని ఎగతాళి చేయక, మెల్లగా నచ్చజెప్పి ఆసుపత్రికి తీసుకుపోవలసినది పిల్లలే. నొప్పి లేదు గదా అని ఆగవద్దు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు.