నిలవ గంజాయిలో పుట్టే కన్నాబినాల్ నిద్ర తెప్పిస్తుందా?

విద్యార్థులారా! పరీక్షల రోజుల్లో నిద్రపట్టక పక్కమీద దొర్లిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అటువంటివారిని ఆకర్షించే ప్రచారం ఒకటి విదేశాలనుండి మన ఫోన్లదాకా వచ్చింది. గంజాయిలోని కన్నాబినాల్ అనే పదార్థం పెద్దగా మత్తు లేకుండానే నిద్రపుచ్చుతుందట! దీనినే సి.బి.ఎన్. అంటారు. ఈ మాటలో నిజమెంతో చూద్దాం.

తాజా గంజాయి మొక్కలో ఇది చాలా స్వల్పం. మత్తు కలిగించే ముఖ్యపదార్థం టెట్రాహైడ్రోకన్నాబినాల్, అంటే టి.హెచ్.సి. కోసి ఎండబెట్టిన సరుకు నిలవ ఉన్నకొద్దీ గాలి, వెలుతురు, వేడి తగిలి టి.హెచ్.సి. ఆక్సీకరణం చెందుతుంది. దాని అణువులో 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. అందులో నాలుగు హైడ్రోజన్లు పోయి, ఒక వలయం బెంజీన్ వలయంగా మారితే అదే కన్నాబినాల్. కనుక ఇది ఎక్కువగా కనిపిస్తే సరుకు పాతదని రసాయనశాస్త్రజ్ఞులు గ్రహిస్తారు.

చిత్రమేమంటే, ముందుగా మనిషి చేతికి చిక్కింది ఈ శిథిలపదార్థమే! 1890లలో కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు భారతదేశపు చరస్‌ను పరిశోధిస్తుండగా ఇది బయటపడింది. టి.హెచ్.సి.ని శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణాన్ని ఇజ్రాయెల్‌లో గావొని, మెషూలం తెలిపింది 1964లో.

ఇక నిద్ర సంగతి. పాత గంజాయి వాడినవారు ఎక్కువ మగతగా ఉందనేవారు. పాత గంజాయిలో కన్నాబినాల్ ఎక్కువ. కాబట్టి మగతకు కారణం కన్నాబినాలే! ఈ తర్కంలో లోపం మీకు కనిపించిందా? సరుకు పాతబడితే మారేది ఒక్క పదార్థమే కాదు. తేలికగా ఆవిరయ్యే సుగంధ తైలాలు పోతాయి, బరువైనవి మిగులుతాయి. మిగిలిన టి.హెచ్.సి. కూడా అందులోనే ఉంటుంది. రెండు విషయాలు కలిసి కనిపించినంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

1975లో ఐదుగురు పురుషులపై చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. 50 మిల్లీగ్రాముల కన్నాబినాల్ ఒక్కటే ఇచ్చినప్పుడు వారికి మగత పెరగలేదు. టి.హెచ్.సి.తో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం తూగు, మగత ఎక్కువయ్యాయి. అయితే ఐదుగురితో ఏ సంగతీ తేలదు. పైగా వారు నిద్రలేమి రోగులు కారు. అయినా ఎన్నో ఏళ్లపాటు దీనికి మించిన ఆధారం పెద్దగా లేకుండానే సీసాలమీద 'నిద్ర' అని రాసి అమ్మారు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఇదే.

2023లో వెలువడిన అధ్యయనం మెరుగైనది. నిద్ర బాగుండదని చెప్పిన సుమారు 300 మందిని బృందాలుగా విభజించి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా వారం రాత్రులు పరీక్షించారు. 20 మిల్లీగ్రాముల కన్నాబినాల్ తీసుకున్నవారు రాత్రివేళ మెలకువ రావడం తగ్గిందన్నారు. కాని ముఖ్యంగా కొలవదలచిన 'నిద్ర నాణ్యత'లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే గణాంకశాస్త్రం ఒప్పుకునేంత తేడా రాలేదు. పగటి అలసటా తగ్గలేదు.

2024లో సిడ్నీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడు తరంగాలను నమోదుచేశారు. కన్నాబినాల్ ఇచ్చాక మొదట కొంతసేపు నిద్ర తగ్గింది, ఆ తరువాత బాగా పెరిగింది. శరీరంలో ఇది మారి ఏర్పడే మరొక పదార్థం మెదడులోని సి.బి.1 గ్రాహకాలపై పనిచేస్తుందని కూడా వారు గమనించారు. కన్నాబినాల్ స్వయంగా ఆ గ్రాహకాలకు టి.హెచ్.సి.కంటే బలహీనంగానే అతుక్కుంటుంది. అందువల్ల ఈ రెండో పదార్థం సంగతి ఆసక్తికరమైనది. కాని ఎలుక నిద్ర మనిషి నిద్ర కాదు. అది పగలు పడుకునే జంతువు!

మరొక మాట. టి.హెచ్.సి.నుండి దీన్ని తయారుచేసేటప్పుడు మార్పు పూర్తికాకపోతే ఆ మత్తుపదార్థం కొంత అందులోనే మిగిలిపోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కన్నాబినాల్‌ను నిద్రమందుగా ఆమోదించలేదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి, చరస్ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే ఇంట్లో పెద్దలకు చెప్పి, వైద్యుని దగ్గరకు వెళ్ళండి.