అడుగరాని ప్రశ్నను అడుగుట ఎట్లు?

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట రావులపాలెము కూడలిలో కాసేపు నిలుచున్నచో అరటిగెలల లారీలును, కొబ్బరికాయల లారీలును వరుసగా కదలిపోవుట కనబడును. కొన్ని గౌతమి వంతెన దాటి రాజమండ్రి దిక్కునకు పోవును. కొన్ని తణుకు మీదుగా పడమటికి పోవును. ఆ బాట పొడవునను టీ దుకాణములు, లారీవాండ్ర హోటళ్లు, వాటి వెనుక చీకటి కలవు. ఆ చీకటిలో పొట్టపోసికొను స్త్రీలును కలరు. వారెందరు? వారికి హెచ్.ఐ.వి. సోకకుండుటకు ఏది పనికివచ్చును? ఏది పనికిరాదు? ఈ ప్రశ్నలకు జవాబు వెదకినవారి కథ కొంత మన గోదావరి ఒడ్డుననే జరిగినది.

ఇంటిల్లిపాది కూర్చుండి రేడియో వినువేళ ఇట్టి ప్రసంగమేల యని అడుగువారు కలరు. వారికి నేను చెప్పునది ఇది. 2006, 2007 సంవత్సరములలో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన గర్భిణులను పరీక్షింపగా నూటికి సుమారు ఒకరి రక్తమున ఈ క్రిమి కనబడెను. ఆ గర్భిణులు మన ఇండ్లలోని కోడండ్రు, కూతుండ్రు. బాటప్రక్కనుండి ఇంటి గడపవరకు వ్యాధి నడచివచ్చు దారి ఒకటి యున్నది. దానిని ఎక్కడ ఆపవచ్చునో తెలిసికొనుట ఇంటివారికిని అవసరమే.

మన దేశమున ఈ క్రిమిని మొదట కనుగొనినది 1986లో, మద్రాసులో. జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడెను. తొలినాళ్ల ప్రకటనలన్నియు భయమునే నమ్ముకొనినవి. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో చదివిన హెచ్చరికలలో చావు అను మాట లేనిది ఒక్కటియు నాకు జ్ఞాపకము లేదు. గంభీరముగా చదివితిమి, విన్నవారు గంభీరముగా విని, రేడియో కట్టివేసి, తమ అలవాట్లు తాము సాగించుకొనిరి. మనుష్యునకు అపాయము తెలియుట వేరు, అపాయమునుండి తప్పుకొను వీలుండుట వేరు. ఈ రెంటి నడుమనున్న దూరమును కొలుచుటయే ప్రవర్తనా పరిశోధన.

2003లో గేట్సు ఫౌండేషన్ ధనసహాయముతో ‘అవాహన్’ అను నివారణ కార్యక్రమము ఆరు రాష్ట్రములలో ఆరంభమయ్యెను. ఆంధ్రప్రదేశము వానిలో నొకటి. ఆ కార్యక్రమము నేలమీద ఎట్లు నడచుచున్నదో పరిశీలించుటకు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు ‘పరివర్తన్’ అను పరిశోధనను చేపట్టి, రాజమండ్రిని తమ కేంద్రములలో ఒకటిగా చేసికొనిరి. కిమ్ బ్లాంకెన్‌షిప్ అను సామాజిక శాస్త్రజ్ఞురాలు దీనికి నాయకురాలు. నాడు అమలాపురము, రాజోలు, కొత్తపేట తూర్పుగోదావరి జిల్లాలోనివే; కోనసీమ వేరు జిల్లా అయినది 2022 ఏప్రిల్‌లో గదా.

మొదటి చిక్కు లెక్కలోనే వచ్చినది. ఓటర్ల జాబితాలో వృత్తి వ్రాయరు. ఇంటింటికి పోయి అడిగినచో ఏ స్త్రీయు చెప్పదు. చెప్పినచో ఆ ఊరిలో నిలువలేదు. బాటమీద కనబడినవారిని మాత్రమే అడిగినచో ఇంటినుండియే రహస్యముగా వ్యవహరించువారు లెక్కకు రారు. అందువలన పరిశోధకులు డగ్లస్ హెకథార్న్ అను ఆచార్యుడు 1997లో వివరించిన పద్ధతిని అవలంబించిరి. అది మన పెండ్లిపిలుపు వంటిది. తొలుత కొందరు స్త్రీలతో మాటలాడి, ఒక్కొక్కరి చేతికి కొన్ని చీటీలు ఇత్తురు. ఆమె తనకు తెలిసిన, తన వృత్తిలోనే యున్న స్త్రీలకు వానిని ఇచ్చును. ఆ చీటీతో వచ్చినవారికి మరల చీటీలు. ఎవరు ఎవరిని పిలిచిరో చీటీ అంకెవలన తెలియును గాని పేరు వ్రాయనక్కరలేదు. వచ్చినవారికిని, పిలిచినవారికిని కొంత ప్రతిఫలము ముట్టును.

అయితే చుట్టములెక్కువ యున్నవారికి పెండ్లిపిలుపులు ఎక్కువ వచ్చునట్లే, పరిచయములు ఎక్కువగానున్న స్త్రీకి చీటీ అందు అవకాశము ఎక్కువ. ఒంటరిగా నుండునామెకు అది అరుదు. కావున ‘మీ వృత్తిలో మీకెందరు తెలియును?’ అని ప్రతివారిని అడిగి, పరిచయములు తక్కువగానున్న వారి జవాబునకు లెక్కలో ఎక్కువ బరువు నిత్తురు. ఈ విధముగా 2006లో రాజమండ్రి ప్రాంతమున 812 మంది స్త్రీల జవాబులు చేకూరినవి. ఏ ఇంటి తలుపును తట్టకయే చేకూరినవని గమనింపవలెను.

రెండవ చిక్కు నిజము చెప్పించుట. ఎదుట కూర్చుండి కాగితము పట్టుకొనినవానికి మనుష్యుడు, వాడు మెచ్చుకొను జవాబే చెప్పును. ‘ప్రతిసారియు నిరోధ్ వాడుదురా?’ అని అడిగినచో ‘ఆహా’ అనుట సులువు. దీనికి కర్ణాటకమున ఒక యుక్తి పన్నిరి. పదిమందిని ఒకచోట చేర్చి, ఒక్కొక్కరిని తెర వెనుక కూర్చుండబెట్టి, ప్రశ్నను పైకి చదువుదురు. ఎవరికి వారు ‘అవును’ లేక ‘కాదు’ పెట్టెలో చీటీ వేయుదురు. ఎవరేమి వేసిరో ఎవరికిని తెలియదు. గుంపు మొత్తము లెక్క మాత్రము తేలును. ముఖాముఖి చెప్పనివి అనేకము ఈ పెట్టెలలోనుండి బయటపడినవి. ఎన్నికల పోలింగు బూతునుండి నేర్చినది గనుక దానికి ఆ పేరే పెట్టిరి. మన ప్రజాస్వామ్యము ఇట్టి ఉపకారము కూడ చేయునని నేననుకొనలేదు.

ఇంతకును తేలినదేమి? రాజమండ్రి అధ్యయన ఫలితములు 2008లో అచ్చయినవి. పైకము ఎంతయని తానే నిర్ణయింపగల స్త్రీ, ఈ వృత్తిపైననే పూర్తిగా ఆధారపడని స్త్రీ, నిరోధ్‌ను తప్పక వాడించుట ఎక్కువగా కనబడెను. కార్యక్రమమువారి బోధ ఎంత విన్నదియను దానికంటె, ఆమె చేతిలో ఎంత పట్టున్నదియను దానికి ప్రాముఖ్యము హెచ్చుగా తోచినది. ఆలోచించినచో ఇందు ఆశ్చర్యమేమియు లేదు. తొడుగు ధరింపవలసినది పురుషుడు. జాగ్రత్త నేర్పినది స్త్రీకి. వాడు కాదన్నప్పుడు ‘అయినచో పొమ్ము’ అనగల శక్తి లేనిదే ఆమె నేర్చిన పాఠమంతయు వృథా.

ఆ శక్తిని హరించువానిలో అప్పు ఒకటి. అదే రాజమండ్రి స్త్రీలనుగూర్చి 2010లో వెలువడిన మరియొక పత్రములో, అప్పున్నవారు దెబ్బలు తినుట, ఎక్కువ డబ్బునకు ఆశపడి తొడుగు లేకుండ ఒప్పుకొనుట అధికమని వ్రాసిరి. వడ్డీవ్యాపారి రేపు వాకిట నిలుచునన్నచో, పదేండ్లకు వచ్చు వ్యాధి ఎవరికి భయము? వరికోతలు లేని నెలలలో కూలియిండ్ల సంగతి ఎరిగిన కోనసీమవారికి దీనిని వివరింపనక్కరలేదు. అప్పే కారణమని ఇట్టి పత్రములు రుజువు చేయజాలవు. రెండును కలిసి కనబడుచున్నవని మాత్రమే చెప్పగలవు. ఈ తేడాను వార్తాపత్రికలవారు తరచు మరతురు.

రెండవది పోలీసుల భయము. 1956 నాటి చట్టము వ్యభిచార గృహమును నడపుటను, బహిరంగముగా పిలుచుటను శిక్షించును గాని, స్త్రీ ఈ వృత్తిలో నుండుటయే నేరమని చెప్పదు. కాని ఆచరణలో సంచిలో నిరోధ్ దొరికినచో అదియే సాక్ష్యమని పట్టుకొనిన సందర్భములు దేశమంతట కలవు. ఇక దానిని వెంట ఉంచుకొనువారెవరు? ఒక ప్రభుత్వ శాఖ పంచిపెట్టినది, మరియొక శాఖకు భయపడి కాలువలో పారవేయవలసి వచ్చినది! లైంగిక వృత్తిలోని స్త్రీలు పోలీసులను నియంత్రింపగలరా యను ప్రశ్నయే శీర్షికగా పరివర్తన్ పరిశోధకులు 2009లో ఒక పత్రము ప్రకటించిరి. స్త్రీలు సంఘముగా ఏర్పడి, చట్టము తెలిసికొని, ఒకామెను పట్టుకొనినప్పుడు పదిమంది ఠాణాకు పోయి అడుగుట మొదలుపెట్టగా ఠాణా తీరు ఎట్లు మారెనో అందు వర్ణించిరి. ఆ స్త్రీలు ఠాణా మెట్లెక్కుటకు ఎంత గుండె కావలెనో పత్రములో కొలమానము లేదు. వైద్యశాస్త్ర పత్రికలకంటె వార్తలలోనికి రావలసిన సంగతి యిది.

అవాహన్ మూలమున 2003 నుండి 2008 వరకు దేశమున సుమారు 1 లక్ష మందికి క్రిమి సోకకుండ నిలిచినదని 2011లో ఒక అంచనా వెలువడెను. అది అంచనాయే, దానిపై వాదములును కలవు. ఆ తరువాత కార్యక్రమమును క్రమముగా ప్రభుత్వమునకు అప్పగించిరి.

ఈ ప్రసంగము చదివి తమ సంగతియో, తమవారి సంగతియో తలచుకొనువారుందురు. ప్రభుత్వాసుపత్రులలోని సలహా, పరీక్షా కేంద్రములలో పరీక్ష ఉచితము. ఫలితమును రోగి సమ్మతి లేక ఇతరులకు వెల్లడించుట 2017 నాటి చట్టము ప్రకారము తగదు. మందులు 2004 నుండి ఉచితముగా దొరకుచున్నవి. వానిని విడువక వాడి, రక్తమున క్రిమి కనబడనంతగా తగ్గి, అట్లే నిలిచినవారినుండి సంగమము ద్వారా ఇతరులకు అది సోకదని నేడు నిశ్చయముగా తెలియును. అనుమానము కలిగిన తొలి వారములలో పరీక్షకు క్రిమి చిక్కకపోవచ్చును. కావున మూడు నెలలకు మరల చేయించుకొనవలెను. ప్రశ్న లడుగుటకు 1097 అను టెలిఫోను ఉన్నది. దానికి పైకము లేదు, పేరును చెప్పనక్కరలేదు.