దీవుల వానల్లో ఎలుక జ్వరం

అండమాన్‌కు బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో మొదట తలపునకు వచ్చేది సముద్రం, ఆ వెంటనే మలేరియా. వానాకాలపు మరొక జ్వరాన్ని గురించి ఈ సంచికలో ముచ్చటించదలచాము.

1980ల చివర ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో వర్షాలు ముగిసే వేళ కొందరికి తీవ్రజ్వరం, ఒళ్ళునొప్పులు, దగ్గితే రక్తం పడటం కనిపించాయి. మరణాలూ సంభవించాయి. కారణం తెలియక దానిని 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో ఈ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది) 1983లో నెలకొన్న భారత వైద్య పరిశోధనా మండలి ప్రాంతీయ కేంద్రం శాస్త్రజ్ఞులు 1990లలో అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు. విచిత్రమేమంటే, టేలర్, గోయిల్ అనే పరిశోధకులు ఈ దీవులలోనే ఈ వ్యాధిని గుర్తించి 1931లో గ్రంథస్థం చేశారు. అంతటి సంగతి అర్ధశతాబ్దం మరుగున పడిపోయింది!

ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి ఈ సూక్ష్మజీవి కాళ్ళ పగుళ్ళ గుండా, గాయాల గుండా లోనికి చొరబడుతుంది. ఎలుక దీనిని మూత్రపిండాలలో మోస్తూ హాయిగా తిరుగుతుంది. మనిషి మంచమెక్కుతాడు. ఎందుకీ భేదం?

సమాధానంలో కొంత మన భక్షక కణాల మీదనే ఉంది. వాటిపై 'టోల్ లైక్' గ్రాహకాలనే కావలివాళ్ళు ఉంటారు. సాధారణంగా పేగులలోని బాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్ అనే కొవ్వు-చక్కెర పదార్థం తగలగానే 4వ గ్రాహకం మేల్కొంటుంది. ఆ కబురు కణంలోని ప్రోటీన్ల చేతులు మారుతూ కేంద్రకాన్ని చేరుతుంది. కణం సైటోకైన్లను విడుదల చేస్తుంది, జ్వరం వస్తుంది. లెప్టోస్పైరా పైపొరలో ఈ పదార్థపు కొవ్వు భాగం నిర్మాణమే వేరు. మానవుని 4వ గ్రాహకం దానిని గుర్తించలేదని 2001లో కేథరీన్ వెర్ట్స్ బృందం వెల్లడించింది. పైపొరలోని లైపోప్రోటీన్లను 2వ గ్రాహకం పసిగడుతుంది. చిట్టెలుకలో మాత్రం 4వ గ్రాహకమూ పనిచేస్తుంది. అది లోపించిన పిల్ల చిట్టెలుకలు ప్రయోగశాలలో ఇదే సూక్ష్మజీవి సోకి మరణించాయి.

దిగ్లీపూర్ ప్రాంతంలో వారానికొకసారి 200 మి.గ్రా. డాక్సీసైక్లిన్ ఇచ్చి చూసిన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. సోకడం ఆగలేదు గాని జబ్బుపడినవారు, మరణాలు తగ్గాయి. అలాగని వైద్యుని అడగక మాత్ర మింగరాదు, ముఖ్యంగా గర్భిణులు, పిల్లలు. వానల్లో జ్వరం వస్తే ఏ బురదలో, ఏ నిలవనీటిలో నడిచామో వైద్యునికి చెప్పాలి. ఆయన అడగకపోయినా సరే.