తులసులలో సహజ సంకరణము

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పొలము గట్ల మీద తనంతట మొలిచే కుక్కతులసిని ఎరుగనివారు అరుదు. దానికి దగ్గరి చుట్టము రుద్రజడ. దీని గింజలే సబ్జా; రంజాన్ షర్బత్తులో నానవేసే తుఖ్మె రైహాన్ ఇవే. ఈ రెండు మొక్కలును ఒకచోట పూచినప్పుడు తేనెటీగ జాతిభేదము పాటించదు. ఒకదాని పుప్పొడి మరొకదానిని చేరి సంకర విత్తనము పుట్టును.

ఇట్టి సంతానము తరచుగా వంధ్యము. తల్లిదండ్రుల క్రోమోజోములకు జోడు కుదరకపోవుటే కారణము. పిప్పర్‌మెంటు అట్టిదే. 1753లో లిన్నేయస్ దానిని ప్రత్యేక జాతిగా వర్ణించినాడు గాని, అది రెండు పుదీనాల సంకరము, పిలకలతోనే వ్యాపించుచున్నది. ఎప్పుడైనా క్రోమోజోముల సంఖ్య రెట్టింపైనచో ప్రతిదానికి జోడు దొరకును, గింజ కట్టును. రుద్రజడ, కుక్కతులసుల కలయికవలన నిమ్మవాసన తులసి ఇట్లే ఏర్పడినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ వాసన నిమ్మగడ్డిలో ఉండే సిట్రాల్‌దే. మన పెరటి కోటలోని తులసి మాత్రము వీటికి దూరపు బంధువు, వీటితో సులభముగా కలియదు.

వృక్షశాస్త్ర ప్రయోగశాలకై మేము సేకరించిన ఎండుమొక్కలలో ఒకదానికి ఆకును చూచి కుక్కతులసి అని, పువ్వును చూచి రుద్రజడ అని రెండుసార్లు పేరు వ్రాసితిమి. ఎండిన పిదప వాసనయు పోయినది! పచ్చిగా ఉన్నప్పుడే వాసన వ్రాసుకొనవలసినది.

సబ్జా గింజ దాచుకొను రైతుకు ఈ చిక్కు మరింత పెద్దది. ప్రక్కగట్టున కుక్కతులసి పూచినచో మరుసటి పంటలో వాసన మారవచ్చును. పువ్వు విచ్చుటకు ముందే విత్తనపు కంకులకు పలుచని గుడ్డసంచి కట్టినచో, స్వపరాగముతో కొన్ని గింజలైనను శుద్ధముగా దక్కును.