మొరాయించే కారుకి ఓ పుస్తకం!

మూసాపేట మెట్రో స్టేషన్ కింద, మిట్టమధ్యాహ్నం, ఆస్పత్రికి బయల్దేరిన అత్తయ్యతో సహా మా పాత కారు ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. "ఆటోలో వెళ్లినా ఈపాటికి చేరేవాళ్లం" అన్నారావిడ. 20 నిమిషాలయ్యాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది!

అప్పటికే బ్యాటరీ, పెట్రోల్ ఫిల్టర్ మార్చాం. మెకానిక్ దగ్గరికెళ్తే బుద్ధిగా నడిచేది. ఇక లాభం లేదని పాలలెక్క రాసే పుస్తకంలోనే దాని జాతకమూ రాశాను: ఎప్పుడు ఆగింది, ఎంతదూరం నడిచాక, సెల్ఫ్ తిరిగిందా, ఎంతసేపటికి మళ్లీ స్టార్టయింది. నాలుగోసారికి గుట్టు తెలిసింది. పొద్దున్నే ఎప్పుడూ ఆగలేదు, బాగా వేడెక్కాకే!

పుస్తకం చూసిన మెకానిక్ కారుని అరగంట తిప్పి, ఆగగానే ప్లగ్గు దగ్గర చూశాడు. స్పార్క్ లేదు. చల్లారాక వచ్చింది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులుగా పెంచే ఇగ్నిషన్ కాయిల్ వేడికి పనిచేయడం మానేస్తోందన్నమాట. కొత్తది వేయగానే గొడవ వదిలింది.

స్పార్క్ ఉండీ ఆగితే పెట్రోల్ వైపు చూడాలట. ఈ పరీక్షలు మాత్రం మనం చేయకూడదు. షాక్ కొడుతుంది, పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. మనం చేయగలిగింది రాసిపెట్టడం. జ్వరం ఏ వేళకొస్తోందో చెబితేనేగా డాక్టరైనా మందిచ్చేది!

నిన్న కారెక్కుతూ అత్తయ్య నవ్వారు. "పుస్తకం తెచ్చావా?"