మహాకాయ శునకపోషణము

అతిథికైనను, బిడ్డకైనను, నోరులేని ప్రాణికైనను కడుపునిండ పెట్టుటయే గృహిణికి ధర్మమని మన పెద్దలు చిన్ననాటనుండియు నేర్పిరి. ఆ ధర్మమును కొలతతో నాచరింపవలసిన సందర్భ మొకటి యిపుడు మన నగరమున నేర్పడినది. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు రాతిగుట్టల నడుమ బహుళాంతస్తుల మేడలు లేచినవి. ఆ మేడలలో మాస్టిఫ్, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ మొదలగు మహాకాయ శునకములును చేరినవి. దంపతులిరువురును కార్యాలయములకు పోగా, వేళకు కుక్కకు పెట్టు భారము తఱచుగా ఇంటనున్న తల్లిమీదనో, అత్తగారిమీదనో పడుచున్నది. అట్టి సోదరీమణులకు తెలియవలసిన సంగతులు కొన్ని యిచట వ్రాయుచున్నాము.

ఇట్టి కుక్కలు మన దేశమునకు క్రొత్తవి కావు. వాల్మీకి రామాయణమున, భరతుడు మేనమామ యింటనుండి అయోధ్యకు మరలునపుడు కేకయరాజు ఇచ్చిన కానుకలలో పులులవంటి బలముగల పెద్దకుక్కలు కలవు. అవి అంతఃపురమున పెరిగినవని కవి చెప్పెను. అంతఃపురమనగా స్త్రీలు మెలగు చోటు గదా! గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు మరియొక వింత వ్రాసెను. బాబిలోను నేలిన పారసీక ప్రతినిధి యొకనికి భారతదేశపు కుక్కలు మిక్కిలిగా నుండెనట. వానికి తిండి సమకూర్చుటకై నాలుగు పెద్ద గ్రామములను తక్కిన పన్నులనుండి విడిచిరట. నాలుగు గ్రామములు మోసిన బరువులో నొక పాలు నేడు మన వంటింటికి వచ్చినదన్నమాట.

ఈ జాతుల కుక్కపిల్ల పుట్టినపుడు కిలో బరువైనను ఉండదు. ఏడాదిన్నర, రెండేండ్లలో 60 మొదలు 80 కిలోల వరకు పెరుగును. ఇంత పెరుగుదలకు ఎంత పెట్టినను చాలదని మనకు తోచుట సహజము. నిజము దానికి విరుద్ధము. 1974లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు గ్రేట్ డేన్ పిల్లలలో కొన్నిటికి కోరినంత ఆహారమును, కొన్నిటికి మితముగను పెట్టి పరీక్షించిరి. కోరినంత తిన్నవాని యెముకలకును, కీళ్లకును రోగములు మిక్కుటముగా కలిగినవి. ముదరని యెముకలమీద బరువు త్వరగా పడుటయే యిందలి ప్రమాదము. మితముగా తిన్న పిల్లయు తగినంత పెద్దదగును. కొంచెము నిదానముగా నగును, అంతియే.

కొండాపూరునందు మా చెల్లెలి యింట నొక మాస్టిఫ్ పిల్ల పెరుగునపుడు ఇరుగుపొరుగువారు, "పాపము, ప్రక్క లెండిపోయినవి, ఇంకొంచెము పెట్టరాదా అమ్మా!" అనెడివారు. పశువైద్యుడు మాత్రము, "ఇట్లే యుండనిండు తల్లీ" అని చెప్పెను. కొలత సులభమైనది. ప్రక్కను అరచేతితో నిమిరినపుడు పక్కటెముకలు చేతికి తగులవలయును. పైనుండి చూచినపుడు నడుము కనబడవలయును. ఎముకలు చేతికి చిక్కకున్నచో ఆహారము తగ్గింపవలెను.

కాల్షియము మందు విషయమున మిక్కిలి మెలకువ వలయును. పిల్ల బలియగునని పాలతోపాటు ఆ మందును పోయు వాడుక మన యిండ్లలో కలదు. లేత వయసున కుక్కపిల్ల ప్రేగులు అక్కరకు మించిన కాల్షియమును త్రోసివేయజాలవు. వచ్చినదానిలో చాలభాగము లోనికి పోవును. అది ఎముకల పెరుగుదలను చెరుచునని 1985లో హాలండు దేశపు యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ పండితులు గ్రేట్ డేన్ కుక్కలయందే కనుగొనిరి. కావున పెద్దజాతి పిల్లలకని వేరుగా చేసిన సంపూర్ణాహారమును పెట్టునపుడు, వైద్యుని యాజ్ఞ లేక పైమందు చేర్చరాదు.

ఇంట వండిపెట్టువారికి వేరొక చిక్కు కలదు. పాలును అన్నమును మాత్రమే పెట్టినచో మాంసకృత్తులు చాలవు. ఒట్టి మాంసము పెట్టినచో కాల్షియము చాలదు. ఎముక తీసిన కోడిమాంసము, గ్రుడ్డు, అన్నము, గుమ్మడి, క్యారెట్టు మంచివే; వాని పాళ్లను మాత్రము పశువైద్యునిచే వ్రాయించుకొనవలెను. ఎదిగిన కుక్కకు దినమునకు 2,500 కాలరీలకు పైగా కావలసియుండును గనుక, ఇది యొక మనిషికి వండినట్లే. ఉప్పుకారములు వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు దానికి విషతుల్యములు. పాయసమున మిగిలిన కిస్‌మిస్‌లను ముద్దుగా పెట్టుటయు ప్రమాదమే. ఉడికిన యెముకలు చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును.

రెండు నెలల పిల్లకు దినమునకు నాలుగు మారులు, ఆరు నెలలనాటికి మూడు మారులు, ఆపై రెండు మారులు పెట్టవచ్చును. ఒక్కసారిగా నధికముగా పెట్టరాదు. తిన్న తరువాత గంటసేపు పరుగెత్తనీయరాదు. ఈ జాతులలో కడుపుబ్బి, జీర్ణాశయము మెలిపడు రోగము కలదు. పొట్ట బిగియుట, వాంతి రాకయే డోకుట, చొంగ కార్చుట, నిలువలేక తిరుగుట దీని గుర్తులు. ఇవి కనబడినచో ఇంటి వైద్యము మాని తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. తెల్లవారువరకు ఆగినచో ప్రాణము దక్కదు.

హైదరాబాదు ఎండలు వేసవిని 40 డిగ్రీలు దాటును. కుక్క మనవలె ఒడలంతట చెమర్చదు, రొప్పుటచేతనే వేడిని విడుచును. కావున సూర్యోదయమునకు ముందును, ప్రొద్దుగ్రుంకిన పిదపను మాత్రమే నడిపింపవలెను. నునుపైన నేల కీళ్లకు చేటు గనుక చాపలు పరచుట మేలు. గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థవారు 2018లో కొండాపూరునందు 1.3 ఎకరముల స్థలమున కుక్కలకై యొక ఉద్యానము నిర్మించిరి. మేడలలోని ప్రాణికి అట్టి నేల యవసరము.

నడవడియు పోషణములో భాగమే. పది కిలోల పిల్ల మీదికి దుమికినపుడు నవ్వుకొందుము. అదే 70 కిలోలై దుమికినచో ముసలమ్మ తుంటి విరుగును. కావున నేర్పవలసినది తొలి నెలలలోనే నేర్పవలెను. లిఫ్టులో గొలుసు వదలరాదు. పసిపిల్లలతో ఒంటరిగా విడువరాదు. ఏటేట రేబిస్ టీకా వేయించి, నగరపాలక సంస్థలో నమోదు చేయింపవలెను. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము 23 రకముల కుక్కలను నిషేధింపుడని రాష్ట్రములకు వ్రాసెను. వానిలో మాస్టిఫ్ జాతులును గలవు. ఏప్రిలులో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఆ లేఖను కొట్టివేసెను. న్యాయస్థానము కొట్టివేసినను పొరుగువారి భయము పోదు. దానిని మన పెంపకమే పోగొట్టవలెను.

సోదరీమణులారా! ఈ జీవుల ఆయువు స్వల్పము. పదియేండ్లు నిండుటయే గొప్ప. ఆ కొలది కాలము అవి కుంటక, మూలుగక నడచుట మన చేతి గిన్నెపై నాధారపడియున్నది. ఇంకొక ముద్ద కొరకు అది మన ముఖమువంక చూచినపుడు పెట్టక నిలుచుట కష్టమే. అయినను ఆ నిలుపుదలయే దాని యెముకలకు బలము.