రిపబ్లిక్ డే పరేడ్‌లో విదేశీ సైనికులు.. కలిసి నడిస్తే కలిసి పోరాడతారనేనా? అసలు లెక్క వేరే!

జనవరి 26 వస్తే చాలు.. ఢిల్లీ కర్తవ్య పథ్ వైపే అందరి కళ్లూ. యుద్ధ ట్యాంకులు, శకటాలు, ఆకాశంలో ఫైటర్ జెట్లు.. ఇవన్నీ ఏటా చూసేవే. కానీ కొన్నేళ్లుగా ఈ పరేడ్‌లో ఇంకో దృశ్యం కనిపిస్తోంది. మన జవాన్ల కంటే ముందే వేరే దేశం జెండా పట్టుకుని, వేరే భాషలో ఆర్డర్లు వింటూ విదేశీ సైనికులు నడుచుకుంటూ వస్తారు. మన రాష్ట్రపతికి సెల్యూట్ చేసి వెళ్లిపోతారు.

ఆ క్లిప్ ఫోన్లలోకి రాగానే కామెంట్లలో ఒకటే మాట. "ఇక వీళ్లు మనవైపే.. రేపు యుద్ధమొస్తే మనతోనే ఉంటారు" అని. నిజంగా అంతేనా? వేరే దేశపు సైన్యం మన జాతీయ పండుగలో ఎందుకు కవాతు చేస్తుంది? దాని వెనక ఏముంటుంది?

66 ఏళ్ల తర్వాత తొలిసారి

మొదటి రిపబ్లిక్ డే 1950లో జరిగింది. అప్పుడు చీఫ్ గెస్ట్ ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో. పరేడ్ కూడా ఇప్పుడు చూస్తున్న దారిలో కాదు, నేటి మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియంలో జరిగింది. అప్పటి నుంచి విదేశీ నేతలు అతిథులుగా వస్తూనే ఉన్నారు. కానీ అతిథి వేరు, అతిథి సైన్యం వేరు. ఒక విదేశీ దళం మన పరేడ్‌లో అడుగు పెట్టడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాంస్వా ఒలాంద్ చీఫ్ గెస్ట్. ఆయనతో పాటు ఫ్రెంచ్ ఆర్మీకి చెందిన 35వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ సైనికులు 76 మంది రాజ్‌పథ్‌పై కవాతు చేశారు. ఇక్కడో విషయం చెప్పుకోవాలి. ఈ సైనికులు పరేడ్ కోసమే ప్యారిస్ నుంచి దిగినవాళ్లు కాదు. అంతకు ముందే రాజస్థాన్‌లో మన ఆర్మీతో కలిసి 'శక్తి' పేరుతో జరిగిన ఉమ్మడి విన్యాసాల్లో పాల్గొన్న రెజిమెంట్ అది. ఇసుకలో చెమటోడ్చిన తర్వాతే రాజ్‌పథ్ మీదకి వచ్చారన్నమాట.

ఆ తర్వాత దారి తెరుచుకుంది. 2017లో యూఏఈ దళం 149 మందితో వచ్చింది. 2021లో బంగ్లాదేశ్ నుంచి 122 మంది, 2023లో ఈజిప్టు నుంచి 144 మంది కవాతు చేశారు. 2024లో మళ్లీ ఫ్రాన్స్. ఈసారి 95 మంది మార్చింగ్ దళం, 33 మంది బ్యాండ్, వీటికి తోడు రెండు రఫేల్ జెట్లు, ఒక ఎయిర్‌బస్ ట్యాంకర్ విమానం కూడా ఫ్లైపాస్ట్‌లో కనిపించాయి. 2025లో ఇండోనేషియా వంతు. కవాతు దళంతో పాటు వాళ్ల మిలటరీ అకాడమీ నుంచి 190 మంది బ్యాండ్ వచ్చింది. ఆ బ్యాండ్ పేరులో 'లోకనంత' అని ఉంటుంది. ఎక్కడో విన్నట్టుంది కదూ! సంస్కృతం అక్కడిదాకా వెళ్లింది మరి.

నెమ్మదిగా నడిచే సైన్యం

2024లో వచ్చిన ఫ్రెంచ్ దళం మామూలు దళం కాదు. అది 'ఫారిన్ లీజియన్'. పేరుకు ఫ్రాన్స్ సైన్యమే కానీ అందులో సైనికులు మాత్రం ప్రపంచం నలుమూలల వాళ్లు. అందులో మనవాళ్లు కూడా ఉన్నారు. కర్తవ్య పథ్‌పై నడిచిన ఆ దళంలో ఆరుగురు భారతీయులున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. సొంత దేశపు రిపబ్లిక్ డేలో, వేరే దేశపు యూనిఫాంలో, తమ దేశ రాష్ట్రపతికే సెల్యూట్! ఇలాంటి అవకాశం ఎంతమందికి వస్తుంది చెప్పండి.

వీడియో మళ్లీ చూస్తే ఇంకోటి గమనించొచ్చు. లీజియన్ వాళ్లు చాలా నెమ్మదిగా నడుస్తారు. సాధారణంగా కవాతులో నిమిషానికి 120 అడుగుల దాకా వేస్తారు. లీజియన్ వేసేది 88 మాత్రమే. అందుకే ప్యారిస్‌లో జులై 14న జరిగే బాస్టిల్ డే పరేడ్‌లో కాలినడక దళాలన్నీ అయిపోయాక, చివర్లో వీళ్లను పంపిస్తారు. ముందు పంపితే వెనకాలవాళ్లు వచ్చి మీద పడతారు కదా! గడ్డాలు పెంచుకుని, తోలు ఏప్రన్ కట్టుకుని, భుజాన గొడ్డలితో నడిచే వాళ్ల పయనీర్లను చూడ్డానికే ప్యారిస్ జనం ఎదురుచూస్తుంటారు. ఇంకో మాట.. వేదిక ముందుకు రాగానే మిగతా దళాలు రెండుగా చీలి పక్కలకు వెళ్తాయి. లీజియన్ మాత్రం చీలదు.

ప్యారిస్‌లో మన జవాన్లు

ఇది వన్‌వే ట్రాఫిక్ కాదు. మనవాళ్లూ అక్కడికి వెళ్లారు. 2009 బాస్టిల్ డేకి అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అతిథి. ఆ ఏడాది మన త్రివిధ దళాలు షాంజెలీజే వీధిలో కవాతు చేశాయి. మళ్లీ 2023లో ప్రధాని మోదీ అతిథిగా వెళ్లినప్పుడు 269 మందితో మన త్రివిధ దళాల బృందం వెళ్లింది. వాయుసేన దళాన్ని స్క్వాడ్రన్ లీడర్ సింధు రెడ్డి నడిపించారు. రాజ్‌పుతానా రైఫిల్స్ బ్యాండ్ 'సారే జహాసె అచ్ఛా' వాయిస్తుంటే, ఆర్మీ తరఫున పంజాబ్ రెజిమెంట్ నడిచింది. మన రఫేల్ విమానాలు కూడా అక్కడి ఆకాశంలో ఎగిరాయి.

ఇంతకీ పంజాబ్ రెజిమెంట్‌నే ఎందుకు పంపారు? దీనికి వందేళ్ల వెనక్కి వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా తరఫున 13 లక్షల మందికి పైగా పనిచేశారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. ఫ్రాన్స్‌లోని నూవ్ షాపెల్ దగ్గర స్మారకం మీద 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లున్నాయి. ఆ యుద్ధం మధ్యలోనే, 1916 జులై 14న మన సైనికులు ప్యారిస్‌లో కవాతు చేశారు. నడుస్తున్న ఓ సిక్కు సైనికుడి ఛాతీపై ఒక ప్యారిస్ మహిళ పువ్వు గుచ్చుతున్న ఫొటో ఇప్పటికీ నెట్‌లో తిరుగుతూ ఉంటుంది. కాకపోతే ఆనాడు మనవాళ్లు నడిచింది ఎవరి జెండా కిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. అతిథి దేశంగా కాదు, వలస పాలకుల సైన్యంగా. 2023లో నడిచింది సొంత జెండాతో. ఫొటో పక్కన ఫొటో పెట్టి చూస్తే తేడా అదే.

మరి దోస్తీ గ్యారంటీనా?

ఇక అసలు ప్రశ్నకొద్దాం. సైనిక కూటమి అంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. నాటోలో ఒక దేశం మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అని ఆర్టికల్ 5లో రాసుకున్నారు. భారత్‌కు అలాంటి కూటమి ఏ దేశంతోనూ లేదు. ఫ్రాన్స్‌తో 1998 నుంచి ఉన్నది 'వ్యూహాత్మక భాగస్వామ్యం'. అంటే ఆయుధాలు కొంటాం, కలిసి విన్యాసాలు చేస్తాం, సముద్రంలో సమాచారం పంచుకుంటాం. మన సరిహద్దులో గొడవైతే ఫ్రెంచ్ సైనికుడు తుపాకీ పట్టుకుని రావాలని ఎక్కడా లేదు. మనమూ వెళ్లక్కర్లేదు.

చరిత్ర చూస్తే ఇంకా క్లియర్‌గా అర్థమవుతుంది. 1958 రిపబ్లిక్ డేకి అతిథిగా వచ్చింది చైనా మార్షల్ యె జియాన్‌యింగ్. నాలుగేళ్లకే, 1962లో యుద్ధం. 1965లో అతిథి పాకిస్థాన్ మంత్రి రాణా అబ్దుల్ హమీద్. అదే ఏడాది పాక్‌తో యుద్ధం. 2021లో బంగ్లాదేశ్ దళం వచ్చింది 1971 విమోచన యుద్ధానికి 50 ఏళ్లు అయిన సందర్భంగా. ఆనాడు పోరాడిన ఈస్ట్ బెంగాల్ రెజిమెంట్ యూనిట్ల సైనికులు అందులో ఉన్నారు. మూడున్నరేళ్లు తిరిగేసరికి, 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయింది, ఆమె ఢిల్లీకి వచ్చేశారు, రెండు దేశాల మధ్య మాటలు చేదెక్కాయి.

వీటన్నిటికంటే తెలుగువాళ్లకు బాగా గుర్తుండాల్సింది 2020 జూన్. 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆయన అంత్యక్రియలకు ఊరంతా కదిలొచ్చింది. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, జూన్ 24న మాస్కో రెడ్ స్క్వేర్‌లో రష్యా విజయోత్సవ పరేడ్. కరోనా వల్ల మే 9 నుంచి వాయిదా పడిన పరేడ్ అది. అందులో 75 మంది భారత సైనికులు కవాతు చేశారు. అదే చౌరస్తాలో, అదే ఉదయం చైనా సైనికులు కూడా చేశారు! మన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ అక్కడే ఉన్నారు.

అప్పట్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. అందులో తప్పేమీ లేదు కూడా. కానీ ఢిల్లీ లెక్క వేరు. ఆ రోజు మన దళం వెళ్లింది రష్యా కోసం. మన దగ్గరున్న ట్యాంకులు, సుఖోయ్‌ల విడిభాగాలు రావాల్సింది అక్కడి నుంచే. సరిహద్దులో టెన్షన్ ఉన్న సమయంలో మాస్కోలో మన కుర్చీ ఖాళీగా వదిలేస్తే ఆ చోటు ఎవరికి దక్కేదో ఊహించడం కష్టం కాదు.

మరైతే లాభమేంటి?

వట్టి షో అని కొట్టిపారేయడానికీ లేదు. 2016లో ఒలాంద్ వచ్చినప్పుడు 36 రఫేల్ జెట్లపై అవగాహన కుదిరింది, సెప్టెంబర్‌లో దాదాపు రూ. 59 వేల కోట్ల డీల్ సంతకమైంది. 2023లో మోదీ ప్యారిస్‌లో ఉన్నప్పుడే, నౌకాదళానికి 26 రఫేల్ మెరైన్ విమానాలు కొనాలన్న ప్రతిపాదనకు ఇక్కడ రక్షణ శాఖ కమిటీ పచ్చజెండా ఊపింది. ఆ ఒప్పందం 2025 ఏప్రిల్‌లో ఖరారైంది. పరేడ్ వల్లే డీల్ వచ్చిందని కాదు. డీల్ నడుస్తున్న ఇంటికే పెళ్లి శుభలేఖ వెళ్తుందన్నమాట.

ఒక్కోసారి పరేడ్ పాత గాయాలకు మందు కూడా. 1994 బాస్టిల్ డేలో అప్పటి అధ్యక్షుడు మిత్తరాన్ జర్మన్ సైనికులను షాంజెలీజేపై నడిపించారు. నాజీ జర్మనీ ఆక్రమణ నుంచి ప్యారిస్ బయటపడి అప్పటికి సరిగ్గా 50 ఏళ్లు. అదే వీధిలో జర్మన్ బూట్ల చప్పుడు విన్న పెద్దవాళ్లు అప్పటికి బతికే ఉన్నారు. కొందరు మాజీ సైనికులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అయినా మిత్తరాన్ వెనక్కి తగ్గలేదు.

ఈసారి రిపబ్లిక్ డే లైవ్ చూసేవాళ్లకు ఒక చిన్న సూచన. విదేశీ దళం ఉంటే అది సాధారణంగా మొదట్లోనే వచ్చేస్తుంది. జెండా వందనం, పరేడ్ కమాండర్, పరమవీర చక్ర, అశోక చక్ర గ్రహీతల జీపులు వెళ్లగానే వాళ్లే. మన ఆర్మీ గుర్రాల దళం వచ్చేది ఆ తర్వాతే. గుర్రాలు కనిపించాయంటే విదేశీ దళం వెళ్లిపోయినట్టే.. ఇక రికార్డెడ్ వీడియోలో చూసుకోవాల్సిందే!